గుమాస్తా ఎవరి మనిషి?

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో మచిలీపట్నం రేవుకు వచ్చేసరికి డచ్చివాళ్లు అక్కడ కోఠీ పెట్టి అయిదారేళ్లయింది. ఇద్దరికీ కావలసింది ఒకటే, బట్ట. కృష్ణా గోదావరి తీరాల పల్లెల్లో తయారైన తెల్లగుడ్డలకూ, అద్దకపు బట్టలకూ జావా, సుమత్రా లాంటి తూర్పు దీవుల్లో గిరాకీ ఉండేది. అవి ఇచ్చి అక్కడ మిరియాలూ లవంగాలూ కొనుక్కోవచ్చు. ఐరోపా గిరాకీ ఆ తరవాత వచ్చింది. కానీ కోఠీలో కూర్చున్న దొరకు తెలుగు రాదు, సాలెవాళ్ల ఊళ్లు తెలియవు, ఆ ఏడు నూలు ధర ఎంతుందో తెలియదు. అతని తరఫున మాట్లాడి, బేరమాడి, సొమ్ము పంచి, సరుకు తెప్పించి, లెక్క అప్పజెప్పే మనుషులు కావలసి వచ్చారు. దుబాషీ, దళారీ, వర్తకుడు, గుమాస్తా అంటూ వాళ్లకు రకరకాల పేర్లు. దాదాపు రెండు వందల ఏళ్లు ఈ తీరంలో దూరదేశపు వ్యాపారం వాళ్ల చేతుల మీదుగానే నడిచింది. ఇవాళ ఆన్‌లైన్ వ్యాపారంలో ఆర్డర్లు చూడటం, ధరలు మార్చడం, కొనేవాళ్లకు జవాబులివ్వడం, సరుకు తగ్గితే తెప్పించడం లాంటి పనులను కృత్రిమ మేధతో నడిచే ఏజెంట్లకు అప్పజెబుతున్నారు. పని ఎంత వేగమవుతుంది, ఖర్చు ఎంత తగ్గుతుంది అనే అందరూ అడుగుతున్నారు. ఈ కోరమాండల్ తీరపు బట్టల వ్యాపార చరిత్ర చదివితే అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. ఆ ఏజెంటును కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్లే వీలు అవతలి మనిషికి ఉందా? ఆ వీలు ఉన్నన్నాళ్లూ ఏజెంట్లు వ్యాపారాన్ని పెంచారు. అది పోయాక వాళ్ల నేర్పే నేతగాడి మెడకు చుట్టుకుంది.

పని ఎలా సాగేదో కాస్త వివరంగా చూడాలి. ఏ రకం బట్ట ఎన్ని తానులు కావాలో, పొడవెంతో, పన్నా ఎంతో, ఎన్ని పుంజాలుండాలో లండను నుంచి జాబితా వచ్చేది. పుంజమంటే 120 పడుగు పోగులు. పుంజాలు పెరిగేకొద్దీ నేత చిక్కనవుతుంది, ధరా పెరుగుతుంది. నమూనాగా ఒక మచ్చు తాను కూడా ఉండేది. వర్తకుడు కంపెనీతో ఒప్పందం రాసుకుని బయానా తీసుకునేవాడు. ఆ సొమ్ము నేతపెద్దల చేతుల్లోంచి మగ్గాల దాకా వెళ్లేది. నేతగాడు దాంతోనే నూలు కొనాలి, దాంతోనే తాను పూర్తయ్యేదాకా ఇల్లు గడుపుకోవాలి. బట్ట కోఠీకి చేరాక గిడ్డంగిలో మచ్చుతో పోల్చి చూసి రకాలుగా విడదీసేవారు. కొలత తగ్గినదానికీ, నేత పలచబడినదానికీ ధర కోసేవారు, లేదా తిప్పి పంపేవారు. ఇదంతా ఓడ బయలుదేరే రుతువు దాటకుండా జరగాలి. లండనుకు ఒక సందేహం రాసి పంపితే జవాబు రావడానికి ఏడాదికి పైనే పట్టేది. అందువల్ల జాబితాలో రాసినదానికీ, ఆ ఏడు వానల్లో, ఆ నూలుతో మగ్గం మీద సాధ్యమైనదానికీ ఉన్న తేడాను సర్దే పని నడిమి మనిషిదే అయ్యేది. సరుకు వివరం రాయడం, నాణ్యం చూడటం, నిల్వ అంచనా వేయడం, వాపసులు, సొమ్ము జమాఖర్చు అంటూ ఇవాళ ఏఐ ఏజెంట్ల పేరు చెప్పి వినిపిస్తున్న పనులన్నీ ఆ కోఠీలో అప్పుడే ఉన్నాయి.

ఆ పని బాగా చేసినవాళ్లు గొప్పవాళ్లయ్యారు. 1639లో మద్రాసులో ఇంగ్లీషువాళ్లు కాలు మోపినప్పటి నుంచి బేరి తిమ్మన్న, ఆయన తరవాత కాశీ వీరన్న కంపెనీకి ప్రధాన వర్తకులుగా చక్రం తిప్పారు. 1680లో వీరన్న చనిపోతే కంపెనీ కోటలో ఫిరంగులు పేల్చి గౌరవం చూపించింది. ఇంత మన్నన ఊరికే రాలేదు. కరువొచ్చి నేతగాడు ఊరు విడిచిపోతే బయానా మునిగేది వర్తకుడికి. ఓడ ఆలస్యమై కంపెనీ సొమ్ము చేరకపోతే సొంత పరపతి మీద మగ్గాలు ఆడించవలసిందీ వర్తకుడే. అయితే ఒకే మనిషి గుప్పిట్లో ఇంత వ్యాపారం ఉండటం కంపెనీకే రుచించలేదు. వీరన్న తరవాత, 1680లలో, వర్తకులను ఉమ్మడి మూలధనంతో ఒక సంఘంగా కట్టడానికి పూనుకుంది. నేతగాడి వైపు నుంచి చూస్తే అప్పటికి పరిస్థితి అంత చెడ్డగా లేదు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివాళ్లు, విశాఖపట్నంలో, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్లు, ఆ తరవాత యానాంలో ఫ్రెంచివాళ్లు, వీళ్లందరికంటే ముందునుంచీ ఉన్న ఆసియా వర్తకులు, ఇలా కొనేవాళ్లు చాలామంది. మాధవాయపాలెం పేరు ఐరోపాలో మడపోలం అనే బట్ట పేరుగా నిలిచిపోయిందంటే ఆ గిరాకీ ఎంతటిదో ఊహించవచ్చు. దక్షిణ భారత నేత చరిత్ర రాసిన ప్రసన్నన్ పార్థసారథి ఒక ముఖ్యమైన సంగతి ఎత్తి చూపారు. తీసుకున్న బయానా తిరిగి ఇచ్చేస్తే నేతగాడు ఒప్పందం నుంచి బయటపడవచ్చు. సొమ్ము ఇచ్చిన వర్తకుడికి అంత స్వేచ్ఛ లేదు. మరీ ఇబ్బంది పెడితే మగ్గం విప్పుకుని పక్క సీమకు వలసపోయే దారి ఎలాగూ ఉంది. కాబట్టి వర్తకుడు ఎంత గట్టివాడైనా నేతగాడి మాట వినక తప్పేది కాదు.

1765, 1766ల్లో మొగలు ఫర్మానాతో, నిజాంతో సంధితో ఈ తీరప్రాంతమైన ఉత్తర సర్కార్లు కంపెనీ చేతికొచ్చాక కథ మారింది. కొనేవాడే పాలకుడయ్యాడు. వర్తకులు బాకీలు పడుతున్నారు, నాసిరకం బట్ట అంటగడుతున్నారు, మధ్యలో లాభం తినేస్తున్నారు అని కంపెనీ చాలాకాలంగా విసుక్కుంటూనే ఉంది. బెంగాలులో 1753లోనే బయానా వర్తకులను పక్కకు నెట్టి సొంత గుమాస్తాలను పెట్టుకుంది. 1770ల నుంచి ఇక్కడా అదే దారి పట్టింది. కంపెనీ మాటల్లో చూస్తే ఇది పూర్తిగా నిర్వహణ మెరుగుదల. నడిమి చెయ్యి పోతుంది, ధర తగ్గుతుంది, నాణ్యం నేరుగా చూసుకోవచ్చు. కానీ గుమాస్తాకు వర్తకుడికున్న సొంత పరపతి లేదు, నష్టం మోసే బాధ్యత లేదు, నేతగాడిని పోగొట్టుకుంటానన్న భయం అసలే లేదు. అతని వెనక బంట్రోతులున్నారు, కచేరీ ఉంది. కంపెనీ బయానా ముట్టినవాడు ఇంకొకరికి నేస్తే నేరం. బెంగాలులో ఈ పద్ధతి నేతగాళ్లను ఎలా చితగ్గొట్టిందో, ఒకప్పుడు కంపెనీ ఉద్యోగే అయిన విలియం బోల్ట్స్ 1772లో అచ్చు వేసిన పుస్తకంలో రాశాడు. గోదావరి, విశాఖ ప్రాంతాల సాలెవాళ్లు అర్జీలు పెట్టుకున్నారు, మగ్గాలు ఆపారు, ఊళ్లు విడిచారు. అయినా వలసపోయిన చోటా కంపెనీ రాజ్యమే వచ్చేసరికి ఆ ఆయుధం మొద్దుబారింది. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. గుమాస్తా తన యజమాని చెప్పిన పని సరిగ్గానే చేశాడు. అతను చెడ్డ ఏజెంటు అయితే నేతగాడికి కాస్త ఊపిరి తిరిగేదేమో.

మధ్యదళారులు పోతే ఉత్పత్తిదారుడికి మేలే కదా అని చాలామంది నమ్ముతారు. ఆన్‌లైన్ అంగళ్లు వచ్చినప్పుడూ ఇదే మాట, ఏఐ ఏజెంట్లు వస్తున్నప్పుడూ ఇదే మాట. దళారీ దోపిడీ నిజం కాదని ఎవరూ అనరు. కానీ సర్కార్ల అనుభవాన్ని పక్కన పెట్టి ఈ మాట అనకూడదు. నలుగురు దళారీలు పోయి ఒకే ఒక గుమాస్తా మిగిలినప్పుడు బేరం నిలబడలేదు. నడిమి మనిషిని తీసేసినంత మాత్రాన న్యాయం జరగదు, మిగిలిన దారులెన్ని అన్నదే దాన్ని తేలుస్తుంది. పై స్థాయిలో కూడా ఇదే నిరూపించిన మనిషి అవధానం పాపయ్య. 1789, 1790ల్లో మద్రాసు గవర్నరు పదవిలో ఉన్న హోలండ్ సోదరులకు ఆయన దుబాషీ. దొర చెవికి చేరే ప్రతి మాటా ఆయన నోటి మీదుగా వెళ్లవలసిందే. ఆ ఒక్క బలంతో డేవిడ్ హాలిబర్టన్ అనే కంపెనీ అధికారి మీద కుట్ర పన్నాడన్న అభియోగం వచ్చింది. 1792లో విచారణ జరిగి పాపయ్య దోషిగా తేలాడు. వాల్టర్ స్కాట్ ఒక నవలలో ఆయన పేరుతోనే ఒక దుబాషీ పాత్రను పెట్టేంతగా ఆ కథ ఇంగ్లండు దాకా పాకింది. పాపయ్య తెలివీ, దురాశా ఆయనవే కావచ్చు. వాటికి అంత చోటిచ్చింది మాత్రం, గవర్నరుకు విషయం తెలిసే దారి ఒక్కటే కావడం.

యంత్రానికి దురాశ లేదు, లంచం తీసుకోదు, కాబట్టి పాపయ్య కథ దానికి వర్తించదని వాదించవచ్చు. వాదనలో బలముంది. కానీ గుమాస్తా సంగతి చూశాం, కీడు జరగడానికి అతని సొంత దురాశ అవసరం లేకపోయింది, అప్పగించిన లక్ష్యం చాలింది. 2011లో అమెజాన్‌లో ఈగ మీద రాసిన ఒక జీవశాస్త్ర పుస్తకం ధర 2 కోట్ల 30 లక్షల డాలర్లు దాటింది. ఇద్దరు అమ్మకందారుల ధరల ప్రోగ్రాములు ఒకదాన్నొకటి చూసుకుంటూ లెక్కకట్టాయి. ఒకటి అవతలి ధరకు రవంత తక్కువ పెడితే, రెండోది అవతలిదానికి పావువంతుకు పైగా ఎక్కువ పెట్టింది. రెండూ చెప్పినట్టే చేశాయి. ఎవరికీ దురాశ లేదు, ఎవరూ చూడలేదు కూడా. పొరపాటు ఎవరి నెత్తిన పడాలన్న ప్రశ్న కెనడాలో తేలింది. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్టు రాయితీ గురించి తప్పు చెప్పింది. ఆ చాట్‌బాట్ మాటలకు అదే బాధ్యత వహించాలన్నట్టు సంస్థ వాదించబోతే, 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఒప్పుకోక సంస్థ చేతే సొమ్ము కట్టించింది. గుమాస్తా మాటకు కోఠీయే పూచీ పడాలన్న పాత వ్యాపార న్యాయమే అది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. యంత్రం ప్రతి అడుగూ రాసిపెడుతుంది, ఎప్పుడు ఏ ధర ఎందుకు మార్చిందో వెతికి తీయవచ్చు, దుబాషీ మనసులో ఏముందో ఎవరు తీయగలరు? ఇది నిజం, ఏఐ ఏజెంట్ల మీద నాకున్న ఆశ కూడా చాలావరకు ఇక్కడే ఉంది. అయితే కంపెనీ కూడా రాయకుండా ఏదీ వదల్లేదు. ఉత్తరాలు, సంప్రదింపుల దస్త్రాలు, గిడ్డంగి లెక్కలు గుట్టలుగా మిగిలాయి. ఈనాటి చరిత్రకారులు నేతగాడి బాధను ఆ కాగితాల్లోంచే చదువుతున్నారు. ఇంజరం కోఠీ తన బట్టను తిరస్కరించిన నాడు సాలెవాడు మాత్రం అవి చదవలేకపోయాడు. చిట్టా, ఆవర్జా ఎంత శుద్ధంగా ఉన్నా అవతలివాడి చేతికి రాకపోతే అతనికి ప్రయోజనం లేదు.

అందుకని ఏజెంట్లు ఎక్కడ మేలు చేస్తాయో ఆ చోటు చూసి మాట్లాడాలి. ఉప్పాడలోనో పోచంపల్లిలోనో నాలుగు మగ్గాలు ఆడించే ఆసామి ఆన్‌లైన్‌లో చీర అమ్మాలంటే, చీర ఫొటో, కొలత, రంగు వివరం మూడు భాషల్లో పెట్టాలి. హిందీలో అడిగే ప్రశ్నకు జవాబివ్వాలి. వాపసు వచ్చిన చీర లోపం నేతదా, రవాణాదా తేల్చాలి. జమైన సొమ్ములో ఏ కోత దేనికో సరిచూసుకోవాలి. ఇందులో సగం పనికి అతనికి మనిషిని పెట్టుకునే స్తోమతు లేదు. ఆ పని తెలుగులో మాట్లాడే ఏజెంటు అతని తరఫున చేస్తే, ఒకప్పుడు కొనేవాళ్లకు మాత్రమే ఉన్న గుమాస్తా మొదటిసారి మగ్గం వైపు వచ్చినట్టు. అదే ఏజెంటు ఆన్‌లైన్ అమ్మకాల వేదిక తరఫునే పనిచేసి, వాళ్ల లక్ష్యం ప్రకారం చీరను వెనక వరుసలోకి నెట్టి, వాపసు ఖర్చు అతని ఖాతాలో వేస్తే, అది 1770ల కోఠీ. 2025 అక్టోబరులో యూపీఐ మీద ఏఐ ఏజెంటే కొని సొమ్ము కట్టే ప్రయోగం మొదలైంది కాబట్టి ఇక కొనేవాడి వైపూ ఏజెంటే ఉంటుంది. రెండు ఏజెంట్లు మాట్లాడుకునే చోట నేతగాడి తరఫున ఎవరూ లేకపోతే బేరం అతని వెనకాలే ముగిసిపోతుంది.

చట్టంలో కొంత ఆధారం ఇప్పటికే ఉంది. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం సరుకును, అమ్మకందారులను ఏ ప్రాతిపదికన వరుసలో పెడుతున్నారో వేదికలు చెప్పాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో తేల్చాలి. ఆ ఫిర్యాదు కిటికీ ఎక్కువగా కొనేవాళ్ల కోసం తెరిచింది. అమ్మే చిన్నవాడికీ దాన్ని తెరవాలి. సరుకు తిరస్కరించినా, వెనక్కి నెట్టినా, ధర కోసినా ఏ ఏజెంటు ఏ కారణంతో ఆ నిర్ణయం చేసిందో అతని భాషలో అతనికి చేరాలి, ఒక మనిషి దగ్గర తిరిగి విచారణ కోరే గడువు ఉండాలి. అతని సరుకు వివరం, అమ్మకాల చరిత్ర, కొన్నవాళ్ల అభిప్రాయాలు అతనితోపాటు ఇంకో వేదికకు తీసుకుపోగలిగేలా ఉండాలి. ఓఎన్‌డీసీ (ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్) లాంటి ఉమ్మడి వ్యవస్థలకు ఈ చివరి పని చేతనైతే, బయానా తిరిగి ఇచ్చి బయటపడే పాత హక్కు కొత్త రూపంలో తిరిగొస్తుంది.