సికింద్రాబాద్ పరిసరాలలో కాల్ సెంటర్ల స్థాపన: అనుకూలతలు, అనుభవాలు, పాఠాలు

(ప్రత్యేక వ్యాసం)

పట్టభద్రులైన యువతకు పెద్ద సంఖ్యలో ఉపాధి కల్పించగల రంగాలలో కాల్ సెంటర్ల రంగము ఒకటి. ఈ సంస్థలను తమ ప్రాంతానికి రప్పించుటకు దేశంలోని పలు నగరాలు రెండు దశాబ్దాలకు పైగా పోటీ పడుచున్నవి. స్థలం, అద్దె, విద్యుత్తులపై రాయితీలు ఇచ్చినచో సంస్థలు వచ్చునన్న అభిప్రాయము సర్వత్రా కలదు. అయితే సికింద్రాబాద్ అనుభవమును పరిశీలించినప్పుడు రాయితీ సంస్థను గుమ్మం వరకు మాత్రమే తీసుకురాగలదని, దానిని నిలబెట్టునవి వేరే ఉన్నవని స్పష్టమగుచున్నది. మాట్లాడగల మనుషులు, అంతరాయం లేని విద్యుత్తు మరియు టెలిఫోను లైన్లు, అర్ధరాత్రి సైతం భద్రంగా ఇల్లు చేర్చు రవాణా అనునవి ఆ మూడు ఆధారములు. వీటిలో మొదటిది సికింద్రాబాద్‌కు పుష్కలంగా ఉన్నప్పటికీ, పరిశ్రమ మాత్రం సుమారు 20 కిలోమీటర్ల దూరాన, నగర పశ్చిమ దిశలో స్థిరపడినది. ఇందుకు గల కారణములు ఇతర నగరాల అధికారులకు సైతం ఉపయోగపడగలవు.

కాల్ సెంటర్ అనగా నేమి?

వినియోగదారుల నుండి వచ్చు ఫోన్ కాల్స్‌ను స్వీకరించుటకు గాని, వారికి కాల్స్ చేయుటకు గాని ఒకే చోట అనేకమంది సిబ్బందితో నడుచు కేంద్రమే కాల్ సెంటర్. వచ్చిన కాల్‌ను ఖాళీగా ఉన్న ఉద్యోగికి చేర్చు పని యంత్రం తనంతట తానే చేయును. కాల్ చేసినవారి వివరములు అదే క్షణమున ఉద్యోగి ఎదుట కంప్యూటర్‌పై కనిపించును. ఫోనులో మాట్లాడు పని స్వర సేవ కాగా, బిల్లులు, బీమా క్లెయిములు, ఖాతాల వంటి కాగితపు పని తెర వెనుక సేవ. ఈ రెండింటినీ కలిపి ఐ.టి. ఆధారిత సేవలు లేదా బి.పి.ఓ. అని వ్యవహరించుట పరిపాటి.

ఈ రంగపు కొలమానము ‘సీటు’. కంప్యూటర్, ఫోను అమర్చిన ఒక పని స్థానమే సీటు. మూడు షిఫ్టులలో నడుచు కేంద్రంలో ఒకే సీటుపై ముగ్గురు పని చేయగలరు. కావున సీట్ల సంఖ్య, ఉద్యోగాల సంఖ్య ఒకటి కావు.

సికింద్రాబాద్ పూర్వరంగము

మూడవ నిజాం సికిందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ బ్రిటిష్ సైనిక స్థావరముగా పెరిగినది. కంటోన్మెంటు, రైల్వే, క్రైస్తవ మిషనరీ పాఠశాలల ప్రభావంతో ఇక్కడ ఆంగ్లము వాడుక భాషగా నిలిచినది. ఆంగ్లో ఇండియన్, తమిళ, పార్శీ, మార్వాడీ కుటుంబాలు తెలుగు, ఉర్దూ మాట్లాడు కుటుంబాలతో కలిసి జీవించుట వలన ఒక్కొక్కరు మూడు నాలుగు భాషలు మాట్లాడుట ఈ ప్రాంతంలో సర్వసాధారణం. 1960లో సికింద్రాబాద్ పురపాలన హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైనది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయము ఇక్కడనే నెలకొన్నది.

కంప్యూటర్ల వినియోగంలోను ఈ పట్టణము వెనుకబడియుండలేదు. రైల్వే రిజర్వేషన్లకు రూపొందించిన ‘కాన్సర్ట్’ వ్యవస్థ 1994లో మొదటగా అమలైనది సికింద్రాబాద్‌లోనే. 1987లో ప్రారంభమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ రిజిస్టర్డ్ కార్యాలయము దీర్ఘకాలము సికింద్రాబాద్ సర్దార్ పటేల్ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్‌లో ఉండెడిది. ఆ సంస్థ 2002లో ‘నిపుణ’ పేరిట బి.పి.ఓ. అనుబంధ సంస్థను నెలకొల్పినది.

పశ్చిమానికి తరలిన పరిశ్రమ

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించుటతో హైటెక్ సిటీ రూపు దాల్చినది. సిద్ధంగా ఉన్న భవనము, ఒకే ఆవరణలో విద్యుత్తు, ఉపగ్రహ మరియు కేబుల్ అనుసంధానము, విస్తరణకు చుట్టూ ఖాళీ భూములు కలిసివచ్చినవి. విదేశీ బ్యాంకులు, ఆర్థిక సంస్థలు హైదరాబాద్‌లో సేవా కేంద్రములు ప్రారంభించుటకు ముందుకు వచ్చినప్పుడు వాటికి తొలుత చూపబడినది ఈ ప్రాంతమే. 2000 దశకపు తొలి సంవత్సరాలలో హెచ్.ఎస్.బి.సి., డెల్ వంటి సంస్థల కేంద్రములు నగరానికి వచ్చినవి.

సికింద్రాబాద్ వైపు అటువంటి విశాల భూములు లేవు. కంటోన్మెంటు పరిధిలో నిర్మాణములపై పరిమితులు, పాత వాణిజ్య వీధులలో ఇరుకైన భవనములు, రక్షణ మరియు రైల్వే శాఖల ఆధీనంలోని స్థలములు పెద్ద అంతస్తులు కోరు సంస్థలకు అవరోధములైనవి. ఒకే అంతస్తులో వందల సీట్లు అమర్చుకొన వీలుండుట ఈ పరిశ్రమకు ముఖ్యమని గమనించవలెను. 2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయము నుండి పౌర విమాన సేవలు శంషాబాద్‌కు తరలుటతో సికింద్రాబాద్‌కు గల మరొక అనుకూలత దూరమైనది.

అయినప్పటికీ తూర్పు వైపు ఒక ముఖ్యమైన మినహాయింపు కలదు. జి.ఇ. క్యాపిటల్ 1997లో భారతదేశంలో ఆరంభించిన సేవా విభాగము, 2005లో స్వతంత్ర సంస్థయై జెన్‌ప్యాక్ట్‌గా మారినది. ఆ సంస్థ ఉప్పల్ పారిశ్రామిక వాడలో పెద్ద ప్రాంగణమును నెలకొల్పినది. తార్నాక, హబ్సిగూడ, మల్కాజిగిరి, సైనిక్‌పురి ప్రాంతాల యువతకు ఇంటికి సమీపాన ఉపాధి లభించగలదని ఈ ప్రాంగణము నిరూపించినది. అనంతరము పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణము సైతం ఏర్పడినది.

విధానపరమైన చర్యలు

కాల్ సెంటర్ల ఎదుగుదలకు తొలి ద్వారము టెలికాం రంగంలో తెరుచుకొన్నది. 1999 జాతీయ టెలికాం విధానము ఈ కేంద్రములను ‘ఇతర సేవా సంస్థలు’ అను కోవలో గుర్తించినది. 2002 ఏప్రిల్ నుండి అంతర్జాతీయ కాల్స్‌పై విదేశ్ సంచార్ నిగమ్ గుత్తాధిపత్యము తొలగుటతో లైన్ల వ్యయము తగ్గినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఐ.టి. విధానములలో భూమి ధరపై రాయితీని ఉద్యోగాల సంఖ్యతో ముడిపెట్టినది. సంస్థ ఎంత పెట్టుబడి పెట్టినదన్న దానికన్నా ఎందరికి పని కల్పించినదన్న దానికి ప్రాధాన్యము లభించుట ఇందలి విశేషము. 2005-2010 విధానము హైదరాబాద్ వెలుపలి నగరాలకు పరిశ్రమను విస్తరింపజేయుటపై దృష్టి సారించినది. కళాశాల విద్యార్థులకు ఆంగ్ల సంభాషణ, కంప్యూటర్ నైపుణ్యములు నేర్పుటకు జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఏర్పడినవి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప ఈ బాధ్యతను ‘టాస్క్’ సంస్థ స్వీకరించినది.

నగరంలోనే పశ్చిమ దిశకు మితిమీరిన ఒత్తిడి ఏర్పడుటతో తెలంగాణ ప్రభుత్వము 2020లో ‘గ్రిడ్’ విధానమును ప్రకటించినది. ఉప్పల్, నాచారం, మౌలాలి వంటి పాత పారిశ్రామిక వాడలలోని స్థలములను ఐ.టి. పార్కులుగా మార్చుకొనుటకు ఇది వీలు కల్పించినది. ఉత్తర దిశలో మేడ్చల్ మార్గంలోని కండ్లకోయ వద్ద 2022 ఫిబ్రవరిలో గేట్‌వే ఐ.టి. పార్కుకు శంకుస్థాపన జరిగినది. ఉద్యోగిని పని వద్దకు తరలించుటకు బదులు పనిని ఉద్యోగి నివాసము వద్దకు చేర్చుట ఈ విధానపు సారాంశము.

రాత్రి షిఫ్టులు, రవాణా

అమెరికా ఖాతాదారులకు సేవలందించు కేంద్రంలో పని మన సాయంత్రం మొదలై తెల్లవారుజాము వరకు సాగును. 1988 నాటి దుకాణములు, వాణిజ్య సంస్థల చట్టము మహిళలను రాత్రివేళ పనిలో ఉంచుటను నిషేధించినది. ఐ.టి. ఆధారిత సంస్థలకు ప్రభుత్వము ఇందు నుండి మినహాయింపునిచ్చినది. అయితే ఇంటి నుండి కార్యాలయమునకు, తిరిగి ఇంటికి రవాణా సౌకర్యము, భద్రత కల్పించు బాధ్యత యాజమాన్యములదే. 2005 డిసెంబరులో బెంగుళూరులో విధులకు బయలుదేరిన ఒక కాల్ సెంటర్ ఉద్యోగిని హత్యకు గురైన ఉదంతము దేశమంతటా ఈ రవాణా ఏర్పాట్లను పునఃసమీక్షింపజేసినది. డ్రైవర్ల పూర్వాపరాల తనిఖీ, చివరగా దిగునది మహిళ అయినప్పుడు వాహనంలో రక్షకుని ఉంచుట వంటి జాగ్రత్తలు తదుపరి కాలంలో విస్తృతంగా ఆచరణలోకి వచ్చినవి.

సికింద్రాబాద్ నుండి పశ్చిమానికి ప్రజా రవాణా క్రమంగా మెరుగుపడినది. 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ప్రారంభమైనవి. 2017 నవంబరులో మెట్రో రైలు సికింద్రాబాద్ మీదుగా నడువనారంభించి, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం చేరినది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ - మేడ్చల్ మధ్య ఎం.ఎం.టి.ఎస్. సేవలు మొదలైనవి. ఇవన్నియు పగటి ఉద్యోగులకు వరములే. కాని అర్ధరాత్రి దాటిన పిదప ముగియు షిఫ్టుకు ఇవి అక్కరకు రావు. ఆ వేళ క్యాబ్ ఒక్కటే ఆధారము. కార్యాలయము, నివాసముల మధ్య దూరము పెరిగిన కొలదీ సంస్థకు వ్యయము, ఉద్యోగికి నిద్రలేమి పెరుగును. ఈ రంగంలో ఉద్యోగులు తరచుగా పని మానుటకు దూరము సైతం ఒక కారణము.

ప్రజాసేవలో కాల్ సెంటర్: 108

కాల్ సెంటర్ అనగానే విదేశీ ఖాతాదారులు స్ఫురించుట సహజము. అయితే తెలుగు ప్రజలకు అత్యంత సుపరిచితమైన కాల్ సెంటర్ సికింద్రాబాద్ శివారున మేడ్చల్ మార్గంలోని దేవరయాంజాల్‌లో ఏర్పడినది. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అత్యవసర సేవ ఇక్కడి ఈ.ఎం.ఆర్.ఐ. కేంద్రము నుండి నడిచినది. కాల్ స్వీకరించి చిరునామా రాబట్టుట, సమీపములోని అంబులెన్సును పంపుట, ఆసుపత్రి చేరులోపు వైద్య సలహా నందించుట అను మూడు అంచెలలో ఈ పని సాగును. 2009లో జి.వి.కె. సంస్థ నిర్వహణ బాధ్యత స్వీకరించినది. ఈ నమూనా అనంతర కాలంలో పలు రాష్ట్రాలకు విస్తరించినది.

ఆంగ్ల ఉచ్చారణ కన్నా, ఆందోళనలోనున్న గ్రామీణుని యాసను అర్థము చేసుకొని ఊరి పేరు, గుర్తులు రాబట్టగల నేర్పు ఇచ్చట విలువైనది. తెలుగు మాధ్యమంలో చదివిన పట్టభద్రులకు సైతం ఈ రంగంలో స్థానము కలదని 108 అనుభవము తెలుపుచున్నది. బ్యాంకులు, టెలిఫోను సంస్థలు, ప్రభుత్వ శాఖలు నడుపు దేశీయ కాల్ సెంటర్లకు ఇదే సూత్రము వర్తించును.

ఇతర నగరాల అనుభవము

డిజిటల్ ఇండియాలో భాగంగా కేంద్ర ప్రభుత్వము చేపట్టిన ఇండియా బి.పి.ఓ. ప్రోత్సాహక పథకము చిన్న నగరాలకు ఊతమిచ్చినది. రూ.493 కోట్ల వ్యయంతో 48,300 సీట్లు లక్ష్యముగా, వ్యయంలో సగము మేరకు, సీటుకు రూ.లక్షకు మించకుండా సహాయము నిర్ణయించినది. మహిళలకు, దివ్యాంగులకు ఉద్యోగములిచ్చిన సంస్థలకు అదనపు ప్రోత్సాహకములు కల్పించినది. 2019 మార్చి 31తో ముగిసిన ఈ పథకము నుండి హైదరాబాద్ సహా మహానగరములను మినహాయించుట వలన సికింద్రాబాద్‌కు అర్హత లేకపోయినది. విశాఖపట్నం, తిరుపతి, రాజమహేంద్రవరం వంటి నగరములు దీని ద్వారా లబ్ధి పొందినవి. విశాఖపట్నంలో అంతకు పూర్వమే హెచ్.ఎస్.బి.సి., డబ్ల్యు.ఎన్.ఎస్. కేంద్రములు ఏర్పడినవి.

తెలంగాణలో 2020 జనవరిలో వరంగల్ సమీపాన మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రములు ప్రారంభమైనవి. అదే సంవత్సరము కరీంనగర్, ఖమ్మంలలో, 2023లో నిజామాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఐ.టి. భవనములు అందుబాటులోకి వచ్చినవి. పశ్చిమ గోదావరి జిల్లా గ్రామములలో బైర్రాజు ఫౌండేషన్ 2000 దశకములో నడిపిన ‘గ్రామ్ ఐటీ’ కేంద్రములు పల్లె యువతకు సైతం ఈ పని సాధ్యమేనని చాటినవి. అయితే చిన్న కేంద్రము ఒకరిద్దరు ఖాతాదారులపై ఆధారపడినచో, వారు వైదొలగిన నాడు నిలదొక్కుకొనుట కష్టము. భవనము కట్టుట తొలి అడుగు మాత్రమే. నిరంతరాయంగా పనిని తెచ్చు సంస్థ దొరకుట అసలు పరీక్ష.

మారుచున్న పరిస్థితులు

2010 నాటికే ఆంగ్ల స్వర సేవలలో ఫిలిప్పీన్స్ భారతదేశమును అధిగమించినదని పరిశ్రమ వర్గములు అంచనా వేసినవి. 2020 నవంబరు 5న కేంద్ర టెలికాం శాఖ ఈ సంస్థలకు రిజిస్ట్రేషన్ అవసరమును తొలగించి, ఇంటి నుండి పనిచేయుటకు నిబంధనలను సడలించినది. 2021 జూన్‌లో దేశీయ, అంతర్జాతీయ కేంద్రముల మధ్య భేదమును తొలగించినది. దీని వలన సొంత ఊరి నుండియే పని చేయు అవకాశము ఏర్పడినది. మరోవైపు కృత్రిమ మేధ సాధారణ ప్రశ్నలకు తానే సమాధానములు చెప్పుచున్నది. ఖాతా నిల్వ, బిల్లు గడువు వంటి వాటికి మనిషి అవసరము తగ్గుచుండగా, చిక్కుబడిన సమస్యను ఓపికతో పరిష్కరించగల ఉద్యోగి విలువ పెరుగుచున్నది.

ప్రకటనలను పరిశీలించు విధానము

కొత్త కేంద్రములకు సంబంధించిన ప్రకటనలు వెలువడినప్పుడు పాత్రికేయులు, అధికారులు ఈ క్రింది అంశములను వేరుపరచి చూచుట ఉపయుక్తము.

1. అవగాహన ఒప్పందమా, స్థల కేటాయింపా, శంకుస్థాపనయా, లేక కార్యకలాపముల ప్రారంభమా?

2. తెలిపిన సంఖ్య సీట్లదా, ఉద్యోగాలదా? ఉద్యోగాలదైనచో ఎన్ని సంవత్సరములలో?

3. ప్రత్యక్ష ఉద్యోగములెన్ని? రవాణా, భద్రత, క్యాంటీన్ వంటి పరోక్ష ఉపాధి ఎంత?

4. పని స్వర సేవయా, తెర వెనుక సేవయా? ఏ భాషలో, ఏ వేళలలో?

5. స్థానికులకు శిక్షణ నిచ్చు బాధ్యత ఎవరిది? రాత్రి రవాణాకు చేసిన ఏర్పాట్లేవి?

6. ప్రారంభమైన రెండు, మూడు సంవత్సరముల తరువాత ఎందరు పనిలో నిలిచియున్నారు?

చివరి ప్రశ్న అన్నింటికన్న కీలకమైనది. ప్రారంభోత్సవము నాటి అంకె పత్రికలలో నమోదగును. ఆ పిదప నిలిచిన ఉద్యోగాల అంకె మాత్రం కోరి సేకరించినగాని లభించదు. రాయితీల సార్థకతను తేల్చునది ఈ రెండవ అంకెయే. ఉప్పల్ పారిశ్రామిక వాడ మొదలు కండ్లకోయ వరకు సికింద్రాబాద్‌ను ఆనుకొనియున్న ప్రాంతములలో పనిని ఇంటి సమీపానికి తెచ్చు ప్రయత్నము ఫలించినదా లేదా అనునది సైతం ఈ కొలమానముతోనే నిర్ధారణ కావలసియున్నది.