అజాగ్రత్త అనే మాట

పత్తిమిల్లులోనో, ధాన్యపు మిల్లులోనో కూలిమనిషి చెయ్యి నలిగినప్పుడల్లా "అజాగ్రత్త" అనే మాట వినవస్తుంది. ఆ మాటకు చరిత్రలో ఎంత బలమున్నదో చూడాలని నాకనిపించింది.

మన దేశపు తొలి ఫ్యాక్టరీ చట్టం 1881 నాటిది. యంత్రాలకు రక్షణగా కంచె ఉండాలని అందులో ఉన్నది. కాని నూరుమందికి తక్కువైన కర్మాగారాలకూ, ఏడాదికి నాలుగు మాసాలకు మించి నడవని వాటికీ అది వర్తించలేదు. పత్తి చేతికొచ్చిన రోజులలోనే నడిచే జిన్నింగు మిల్లులకు ఇది ఎంత వాటమైన మినహాయింపో వేరే చెప్పనక్కరలేదు. 1911 దాకా ఈ లొసుగు పోలేదు. 1934 చట్టం సీజను మిల్లులను మళ్లీ వేరుచేసి, ఇతర మిల్లులకు వారానికి 54 గంటలైతే, వీటికి 60 గంటలు అనుమతించింది. 1948లో గాని ఆ భేదం తొలగలేదు.

ఇక యంత్రం సంగతి. కన్వేయరు పట్టీ డ్రమ్ము మీది కెక్కే చోటే ప్రాణాంతకం. ఊకో, తడిధాన్యమో అక్కడ అడ్డుపడుతుంది. పట్టీని ఆపితే మిల్లంతా ఆగుతుంది. మిల్లు ఆగితే మేస్త్రీ కేకలు వేస్తాడు. కనుక చెయ్యి లోపలికి పోతుంది. దాన్ని లాక్కుపోవడానికి కొంగు అంచు చాలు. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించవలసి వస్తే, శిక్షణ పొందిన వయోజన పురుషుడే బిగుతు దుస్తులతో చెయ్యాలనీ, ఆ దుస్తులు యజమానే ఇవ్వాలనీ 1948 చట్టపు 22వ సెక్షను చెప్పింది. ఆ దుస్తులు ఎన్ని మిల్లులలో కనిపించాయో పాఠకులే ఆలోచించుకోవచ్చు.

1923 నాటి నష్టపరిహార చట్టం తరువాతి సవరణలతో శరీరాన్ని అంకెల్లోకి మార్చింది: బొటనవేలు పోతే సంపాదనశక్తిలో నూటికి 30, చూపుడువేలు పూర్తిగా పోతే 14. అయితే ఆ చట్టమే మామూలు అజాగ్రత్తను యజమానికి సాకుగా ఒప్పుకోలేదు. మత్తులో ఉండటం, బుద్ధిపూర్వకంగా ఆజ్ఞను ధిక్కరించటం, రక్షణను కావాలని తొలగించటం మాత్రమే సాకులన్నది. మనిషి చనిపోతే అవి కూడా చెల్లవు.

చట్టం నిరాకరించిన సాకును మనం నాలుక మీద ఎందుకు మోస్తున్నాము? నా ప్రశ్న ఇదే. మరశక్తితో నడిచే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది 1948 చట్టం. 2020లో పార్లమెంటు ఆమోదించిన స్మృతి ఆ అంకెను 20కి పెంచింది. ఒకనాడు క్యాలెండరు చాటున తప్పుకున్న మిల్లు, రేపు హాజరుపట్టీ చాటున తప్పుకోవచ్చు. డ్రమ్ముకు మాత్రం తన ముందు ఎంతమంది నిలబడ్డారో లెక్క లేదు.