ఊరుకోవడం ఒప్పుకోవడం కాదు

'మౌనం అర్ధాంగీకారం' అనే మాట పెళ్లిచూపుల నుంచి ఊరి పంచాయితీ దాకా వింటూనే ఉంటాం. ఆ లెక్క ఒక ఆదివాసీ ఆడపిల్లకు ఎంత అన్యాయం చేసిందో, ఆమె వల్ల దేశంలో చట్టం ఎలా మారిందో మన యువతీ యువకులు తెలుసుకోవాలి.

1972 మార్చి 26 రాత్రి. మహారాష్ట్రలో ఇప్పటి గడ్చిరోలి ప్రాంతంలోని దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్. తల్లిదండ్రులు లేక, కూలి చేసుకుని బతికే బాలిక ఆమె. వయసు 14-16 మధ్య ఉంటుందని డాక్టరు అంచనా. ఆమె ఇష్టపడిన యువకుడిపైనా, అతని వాళ్లపైనా సోదరుడు ఫిర్యాదు చేస్తే వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చింది. మిగతావాళ్లను బయటికి పంపి, ఆమెను లోపల ఆపేశారు. ఒక కానిస్టేబుల్ అత్యాచారం చేశాడని, మరొకడు అసభ్యంగా ప్రవర్తించాడని బయటికి వచ్చి చెప్పింది.

1974లో సెషన్స్ కోర్టు ఆమె నడవడికను ఎత్తిచూపి నిందితులను వదిలేసింది. భయంతో లొంగిపోవడం సమ్మతి కాదంటూ నాగపూర్ హైకోర్టు బెంచి శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒంటిమీద గాయాలు లేవు, కేకలు వేయలేదు కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టేనంది.

1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయ అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. రాత్రివేళ, స్టేషన్లో, పోలీసుల ముందు ఒక పేద ఆదివాసీ పిల్ల కేకలు వేయగలదా అన్నదే అందులోని అసలు ప్రశ్న. కాదనే అవకాశమే లేనిచోట సమ్మతి ఎక్కడిది? స్త్రీవాదులు చెప్పేది కూడా ఇదే. స్త్రీపురుషుల మధ్య ఏం జరిగిందో తేల్చేముందు ఎవరి చేతిలో అధికారం ఉందో చూడాలి. 1980 మార్చి 8న పలు నగరాల్లో మహిళలు వీధుల్లోకి వచ్చారు.

ఆ తీర్పు మారలేదు గానీ చట్టం మారింది. 1983 సవరణతో పోలీసు కస్టడీలో అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష వచ్చింది. అలాంటి కేసుల్లో సంభోగం జరిగినట్టు రుజువైతే, సమ్మతి లేదన్న స్త్రీ మాటనే కోర్టు ముందుగా నమ్మాలి. బాధితురాలి పేరు ప్రచురించడం నేరమైంది. అందుకే ఇక్కడ ఆమె పేరు రాయలేదు. తర్వాత స్త్రీ నడవడికను తప్పుపట్టి సాక్ష్యాన్ని కొట్టిపారేసే నిబంధనను తొలగించారు. ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2013లో చట్టంలోనే రాశారు.

అయినా రాత ఒకటి, జరిగేది ఒకటి. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023లో కోర్టు దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. బాధితులకు మాత్రం పరిహారం ఇవ్వమంది. తీర్పు వచ్చేసరికి దాదాపు పదహారేళ్లు గడిచిపోయాయి.

మన సమాజంలో ఆడవాళ్లకు స్వేచ్ఛ ఎక్కువని గర్వంగా చెప్పుకుంటాం. ఆ మాట నిజం కావాలంటే అధికారం అనేది పోలీసుల దగ్గరే కాదు, ఇంట్లో, హాస్టల్లో, పనిచోట కూడా ఉంటుందని గుర్తించాలి. తమ్ముళ్లారా, అవతలి అమ్మాయి మాట్లాడకపోతే సరేనన్నట్టు కాదు. ఆమె భయం లేకుండా 'వద్దు' అనగలదా అని ముందు మీరే ఆలోచించండి. చెల్లెళ్లారా, ఆ రాత్రి జరిగింది దాచకుండా చెప్పిన ఆ పిల్లను గుర్తుపెట్టుకోండి.