పాత కారు సెల్ఫ్ తీసుకోకపోతే – ఇంటివద్దనే రిలే అమర్చుకొనే విధానం

పాతబడిన కార్లలో తరచుగా కనిపించే లోపం ఒకటున్నది. తాళంచెవి తిప్పితే దీపాలు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, సెల్ఫ్ మాత్రం తీసుకోదు. ‘టిక్కు’మని ఒక శబ్దం వచ్చి ఆగిపోతుంది. నాలుగైదుసార్లు తిప్పితే ఒకసారి అందుకొంటుంది. ఎండలో తిరిగి వచ్చి ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఈ బాధ ఎక్కువ. 1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 వంటి కారును నమ్ముకొని, అర్ధరాత్రి రోగిని పొరుగు రాష్ట్రపు పట్టణానికి చేర్చవలసిన ఇంటికి ఇది చిన్న లోపం కాదు. చాలామంది ముందు బ్యాటరీ మారుస్తారు, తరువాత సెల్ఫ్ మోటారు విప్పిస్తారు. అంత ఖర్చయినా టిక్కు శబ్దం పోదు. అటువంటప్పుడు లోపం ఆ రెంటిలోనూ కాక, వాటి మధ్యనున్న సన్నని తీగ దారిలో ఉండే అవకాశం ఎక్కువ.

సెల్ఫ్ మోటారుకు బ్యాటరీ నుండి లావు తీగ నేరుగా వస్తుంది. ఆ దారిని కలిపే పెద్ద స్విచ్చి వంటిది మోటారు మీద ఉండే సొలినాయిడ్. దానిని పనిచేయించే విద్యుత్తు మాత్రం తాళంచెవి స్విచ్చి గుండా సన్నని తీగలో రావాలి. సొలినాయిడ్ లాగుకొనే క్షణంలో ఆ తీగ 20, 30 ఆంపియర్ల వరకు మోయవలసి రావచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ స్విచ్చి లోపలి రాగి పలకలు నల్లబడతాయి, అతుకులకు చిలుము పడుతుంది, నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదల ఓమ్‌లో పదోవంతే అనుకొందాం. బడిలో చదివిన ఓమ్ నియమం ఇక్కడ పనికివస్తుంది: 30 ఆంపియర్లకు 3 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. బ్యాటరీ వద్ద 12 ఉన్నా సొలినాయిడ్‌కు చేరేవి 9. వేడికి దాని చుట్టలోని రాగి నిరోధం కూడా పెరుగుతుంది కనుక లాగే బలం ఇంకా తగ్గుతుంది.

రిలే చేసే మేలు ఇక్కడనే. దాని చుట్టకు ఆంపియరులో అయిదో వంతు కూడా అక్కరలేదు. అదే పాత దారిలో అంత కొద్ది విద్యుత్తు పారితే నష్టం వోల్టులో యాభయ్యో వంతు మాత్రమే. సొలినాయిడ్‌కు కావలసిన పెద్ద ప్రవాహాన్ని రిలే బ్యాటరీ నుండి నేరుగా అందిస్తుంది.

అయితే రిలే కొనేముందు పరీక్ష తప్పనిసరి. బండి ఆగి ఉండగా బ్యాటరీ 12.4 వోల్టులకు పైగా చూపాలి. లేకుంటే ముందు చార్జింగు పెట్టించాలి. బ్యాటరీ మొనలను, ఇంజను ఎర్త్ తీగను శుభ్రపరచి బిగించాలి. తరువాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళంచెవి ఆపి, సొలినాయిడ్ మీది సన్నని తీగను ఊడదీయాలి. బ్యాటరీ ప్లస్ నుండి మంచి తీగతో ఆ మొనను ఒక్క క్షణం తాకించాలి. ఇంజను బలంగా తిరిగితే రిలేతో రోగం కుదురుతుంది. అప్పుడూ టిక్కుమని ఆగితే సొలినాయిడ్ కాంటాక్టులో, మోటారులో లోపమున్నట్లే. దానికి రిలే మందు కాదు.

కావలసినది హారన్‌కు వాడే 12 వోల్టుల నాలుగు కాళ్ల రిలే, 30 లేక 40 ఆంపియర్లది. కాళ్ల వద్ద 30, 85, 86, 87 అని ముద్రించి ఉంటుంది. దుకాణం హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, రాయగడలో ఉన్నా భాష మారుతుందేగాని ఆ అంకెలు మారవు. అవి జర్మనీ వారి ప్రమాణం నుండి వచ్చినవి.

పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. అన్నీ అయిన తరువాత చివరగా దానిని బిగించాలి. చేతి ఉంగరం తీసివేయడం మేలు. సొలినాయిడ్ నుండి ఊడదీసిన పాత తీగను 86కు కలపాలి. 85 నుండి బండి బాడీకి ఎర్త్ ఇవ్వాలి. అక్కడి రంగు గీకి లోహం కనబడేటట్లు చేయాలి. బ్యాటరీ ప్లస్ నుండి 30 ఆంపియర్ల ఫ్యూజు గుండా 30వ కాలికి, 87 నుండి సొలినాయిడ్ సన్నని మొనకు తీగలు వేయాలి. ఈ రెండింటికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి. ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. దూరంగా పెడితే మధ్యలో తీగ ఒరిసినప్పుడు మంటను ఆపేది ఉండదు. రిలే కాళ్లు క్రిందికి ఉండేటట్లు, నీరు చిమ్మని చోట, సైలెన్సర్ వేడికి దూరంగా బిగించాలి.

నాసిరకం రిలేలో కాంటాక్టులు అతుక్కుపోతే తాళంచెవి వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు తాళం తీసినా లాభం లేదు. బ్యాటరీ తీగ తక్షణం ఊడదీయాలి. కనుక అమర్చిన రోజున చిన్న స్పానరు చేతికందేటట్లు ఉంచుకొని పదిసార్లు స్టార్టు చేసి చూడాలి.

పాత తీగను మాత్రం కత్తిరించరాదు. దాని కొననున్న లగ్గు అలాగే ఉంటే, దారిలో రిలే చెడిన నాడు దానిని తిరిగి సొలినాయిడ్‌కే తగిలించి, నాలుగైదుసార్లు తాళం తిప్పి అయినా ఇల్లు చేరవచ్చు.