చిన్న స్ట్రోక్, కనబడని నష్టం

మైల్డ్ స్ట్రోక్ వచ్చిన మనిషి నాలుగు రోజుల్లో తన కాళ్ల మీద తానే నడిచి ఇంటికి వెళ్తాడు. మాట ముద్దకట్టదు, చెయ్యి పట్టు తప్పదు. ఆ తర్వాతే చిల్లర లెక్క తేడా వస్తుంది, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుంటాడు. ‘మైల్డ్’ అన్నది ఎక్కువగా ఒంటిని చూసి పెట్టిన పేరు. 1989లో వెలువడిన ఎన్.ఐ.హెచ్. స్ట్రోక్ స్కేలు 0 నుంచి 42 వరకు మార్కులు వేస్తుంది. కాలూ చెయ్యీ, చూపూ మాటా అందులో ఉన్నాయి గానీ జ్ఞాపకశక్తి పరీక్ష లేదు.

మెదడులో అక్కడక్కడా నెత్తురు అందక చచ్చిన భాగాలు పోగుపడితే మతి దెబ్బతింటుందని హచిన్‌స్కీ బృందం 1974లో గట్టిగా చెప్పింది. మరుసటి ఏడాదే ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 30 మార్కుల ఎం.ఎం.ఎస్.ఈ. (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) తెచ్చారు. తేదీ, ఊరు, మూడు మాటలు గుర్తుంచుకోవడం వంటివి అడిగే ఆ పరీక్ష మానసిక రోగుల కోసం పుట్టింది. చిన్న స్ట్రోక్ తరచుగా దెబ్బతీసే ఆలోచన వేగం, ఏకాగ్రత, పనిని వరసలో పెట్టుకునే నేర్పు దానికి సరిగా చిక్కవు.

ఆ లోటును చాలావరకు తీర్చింది 2005లో మాంట్రియల్‌లో నస్రెద్దీన్ బృందం ప్రచురించిన మోకా పరీక్ష. అందులో గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంటారు. అంకెలన్నీ చక్కగా వేసిన మనిషి కూడా ‘పది’ అని విన్నాడు కాబట్టి పెద్దముల్లును 2 మీద కాకుండా 10 మీద పెట్టేస్తాడు. తప్పు చిన్నదే, అది బయటపెట్టే లోపం మాత్రం చిన్నది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో స్ట్రోక్, టి.ఐ.ఎ. (కాసేపట్లో తగ్గిపోయే తాత్కాలిక స్ట్రోక్) రోగులపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఎం.ఎం.ఎస్.ఈ.లో 27, ఆపైన తెచ్చుకున్నవారిలో సగానికి పైగా మోకాలో మామూలు అనిపించుకోవడానికి కావలసిన 26 అందుకోలేకపోయారు. మాట పోయినవారికీ, ఒక పక్క ఉన్నది గమనించలేనివారికీ మోకా కూడా సరిపడదు కనుక 2015లో ఆక్స్‌ఫర్డ్ కాగ్నిటివ్ స్క్రీన్ వచ్చింది.

బడి ముఖం చూడనివారికి గడియారం గీయమనడం అన్యాయమే. చదువురాని వృద్ధుల కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో రూపొందిన హిందీ పరీక్ష 1995లో ప్రచురితమైంది. తెలుగులో ఆ పనికి హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి పూనుకుంది. చదువే కాదు, ఎన్ని భాషలు వచ్చన్నదీ లెక్కలోకి వస్తుంది. నిమ్స్‌లోని 608 మంది స్ట్రోక్ రోగులపై సువర్ణ అల్లాడి బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క భాషే వచ్చినవారిలో 19.6 శాతం మందికి గ్రహణశక్తి మామూలుగా నిలిచింది. రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారిలో అది 40.5 శాతం.