అట్టల దండ నుండి సంచిలోని కంప్యూటరు వరకు

హిందూపురము పట్టుగూళ్ళ సంతకు పేరుపొందిన ఊరు. అచ్చటినుండి ఉత్తరముగా రైలులో పోవువారికి 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ తగులును. మరికొంత దూరము పోయిన ధర్మవరము వచ్చును. ఈ మూడు ఊళ్ళును నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. పాత కోటలు చూడగోరువారు పెనుకొండలో దిగుదురు గాని, కంప్యూటరు చరిత్ర తెలిసికొనగోరు విద్యార్థి దిగవలసినది ధర్మవరములో. అచ్చటి నేతగాండ్ర ఇండ్లలో మగ్గము పైభాగమున రంధ్రములు గల అట్టలు దండవలె వ్రేలాడుచుండును. చీర అంచుపై హంసయో, మామిడిపిందెయో ఏర్పడవలెనన్న ఆజ్ఞ ఆ రంధ్రములలోనే ఉన్నది.

ఈ యంత్రము పనిచేయు విధము కష్టమైనది కాదు. నిలువు దారములను పడుగనియు, అడ్డదారమును పేకయనియు అందురు. నాడె ఒకమారు పోవుటకు ముందు ఏ పడుగు దారములు పైకి లేవవలెనో, ఏవి క్రిందనుండవలెనో నిర్ణయింపవలెను. సాదా బట్టకు ఇది సులభము. పువ్వు వేయునపుడు ప్రతి పేకకును నిర్ణయము మారును. పూర్వము ఒక సహాయకుడు ఆయా దారములను ఎంచి లాగుచుండెడివాడు. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరవాసి జోసెఫ్ మేరీ జకార్డు 1804లో ఆ పనిని అట్టలకు అప్పగించెను. అతనికి ముందే 1725లో బూషోన్ అను నతడు రంధ్రములు గల కాగితమును వాడియుండెను. ఆ ఊహను నిత్యము పనికివచ్చు యంత్రముగా కూర్చిన ఘనత జకార్డుది. అట్టలో రంధ్రమున్నచోట సూది లోనికి దూరును. దానికి తగిలియున్న కొక్కెము స్థానము తప్పక, పైకి లేచు కమ్మీకి చిక్కి తన దారములను ఎత్తును. రంధ్రము లేనిచోట అట్ట సూదిని వెనుకకు నెట్టును. కొక్కెము కమ్మీకి అందకుండ పోవును. ఒక్కొక్క పేకకు ఒక్కొక్క అట్ట.

240 కొక్కెములు గల జకార్డుపై 400 పేకల పువ్వు నేయవలెననుకొందము. 400 అట్టలు కావలెను. ఒక్కొక్క అట్టపై 240 చోట్ల రంధ్రమా, కాదా అని తేల్చవలెను. మొత్తము 96,000 నిర్ణయములు. కంప్యూటరు భాషలో ఇవి 96,000 బిట్లు. ఎనిమిదింటికి ఒక బైటు చొప్పున 12,000 బైట్లు. ఉపాధ్యాయులు ఈ లెక్కను గ్రాఫు కాగితముపై చిన్న పువ్వు గీయించి తరగతిలో చేయింపవచ్చును. నమూనా గీయువారు చేయునదియు అదే.

పనిముట్టు కదలకున్నను, పనికి కావలసిన ఆలోచన మాత్రము ఒక మగ్గమునుండి మరొక మగ్గమునకు మూటగట్టి తీసికొనిపోదగినదైనది. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తన గణన యంత్రమునకు ఈ అట్టలనే ఎన్నుకొనెను. సుమారు 24,000 అట్టల సాయమున పట్టుపై నేసిన జకార్డు చిత్రపటము అతనియొద్ద ఉండెడిది. పిదప హాలరిత్ 1890లో అమెరికా జనాభా లెక్కలకు అట్టలను వాడెను.

అట్టలకొక చిక్కు కలదు. వరుస తప్పిన పువ్వు చెడును. అందుకే నేతగాడు వాటిని దారముతో కుట్టి దండ చేయును. ఇరువదవ శతాబ్దపు కంప్యూటరు అట్టలు మాత్రము విడివిడిగానే ఉండెను. పెట్టె చేయిజారెనా, అంతయు తారుమారు! కనుక ఫోర్ట్రాన్ భాషలో వ్రాయువారు 80 నిలువు వరుసల అట్టలో 73 నుండి 80 వరకు క్రమసంఖ్యకు విడిచిపెట్టిరి. నేడు ల్యాప్‌టాప్‌లో తమ ఫైళ్ళకు ‘కొత్తది’, ‘మరీ కొత్తది’ అని పేర్లు పెట్టి పిదప గంటలకొలది వెదకుకొనువారికి ఈ పాత పద్ధతియే శరణ్యము: పేరునకు ముందు తేదీ, వెనుక సంఖ్య.

బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో 1960లో ప్రారంభమైన టిఫ్రాక్ కంప్యూటరు కదలునది కాదు. మనుష్యులే దానివద్దకు పోవలెను. చేతితో మోయదగిన కంప్యూటరును బజారులో పెట్టి విరివిగా అమ్మినవాడు ఆడమ్ ఆస్బర్న్. ఇతని తండ్రి ఆర్థర్ ఆస్బర్న్ రమణమహర్షి భక్తుడు. అందువలన ఆడమ్ బాల్యము తిరువణ్ణామలైలో గడచెను. 1981లో వెలువడిన అతని యంత్రము బరువు సుమారు 11 కిలోలు, వెల 1,795 డాలర్లు, తెర 5 అంగుళములు. ‘మోయదగినది’ అను మాటకు అర్థము మోయువాని భుజములనుబట్టి ఉండును! దాని జ్ఞాపకస్థానము 64 కిలోబైట్లు. మరి దేనికిని చోటు విడువకున్నను, పైన లెక్కించిన పువ్వులు అందులో ఐదు మాత్రమే పట్టును. 1983లో ఆ సంస్థ దివాలా తీసెను. ఆస్బర్న్ 2003లో కొడైకెనాలులో మరణించెను.

అతని యంత్రములో ఒక మంచి గుణముండెను: మీటల పలక పెట్టెనుండి విడివడును. 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ తెరను, మీటలను మడతబందుతో కలిపివేసెను. సంచిలో ఇముడుట సులభమైనది. కాని చేతులకు తగిన ఎత్తులో పెట్టిన తెర కంటికి క్రిందగును, తెరను ఎత్తిన చేతులు నొచ్చును. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుండుటకు కారణమున్నది: నేయుచున్న బట్ట అతని చేతికిని కంటికిని అందుబాటులో ఉండవలెను. ల్యాప్‌టాప్‌పై దినమంతయు పనిచేయువారు దానిని నాలుగు లావు పుస్తకములపై పెట్టి, వేరొక మీటల పలకను తగిలించుకొనిన ఆస్బర్న్ నాటి సౌకర్యము తిరిగి లభించును. 1991లో బజారుకు వచ్చిన లిథియమ్ అయాన్ బ్యాటరీకి శత్రువు వేడి. రాయలసీమ ఎండలో నిలిపిన బండిలో దానిని, అందును పూర్తిగా నింపి, విడిచిపోరాదు.

నేడు ధర్మవరమునకు కావలసిన నమూనాలను కంప్యూటరు తెరపైననే గీయుచున్నారు. తప్పును చెరుపుట క్షణము పని. అయితే అట్టల దండ మాయమైన దాని యజమానికి తెలియును. ఫైలుకు నకలు తీసిన అసలు చెక్కుచెదరదు, యజమానికి తెలియనే తెలియదు. ఆ నకలు మరమగ్గమునకు చేరిన చేనేతగాని కూలి పోవును. కొన్ని రకముల బట్టలను చేమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసెను. 1993లో సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ధర్మవరము పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపును లభించినది. కాని ఆ గుర్తింపు ఊరిపేరును కాపాడును గాని, ఒక్కొక్కరు గీసిన హంసను కాదు. దానికి 2000 నాటి నమూనాల చట్టము కలదు: నమోదు చేయించినవారికి 10 సంవత్సరములును, కోరినచో మరి 5 సంవత్సరములును హక్కు. నమోదునకు దరఖాస్తు పెట్టకముందే బహిరంగముగా ప్రకటించిన నమూనాకు ఈ హక్కు లేదు. కనుక కొత్త అంచు గీచిన దినముననే దాని బొమ్మను ఊరందరి ఫోనులకును పంపువాడు ఆ హక్కును తానే పోగొట్టుకొనును.