వీధిబడిలో వీసం లెక్క

వీధిబడి అనగానే అర్థం తెలియని వల్లెవేతే మనకు గుర్తొస్తుంది. పసిపిల్లల తొలి లెక్కల విషయంలో ఆ ముద్ర అన్యాయం. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ ప్రభుత్వానికి పంపిన నివేదికే సాక్ష్యం. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని తేల్చిన ఆయన, అక్కడ భిన్నాలు పదుల చొప్పున కాక నాలుగుల చొప్పున దిగుతాయనీ, వాటిని నేర్పడానికి ఎంతో శ్రమిస్తారనీ రాశాడు. ఒకటిలో నాలుగోవంతు కాలు, కాలులో నాలుగోవంతు వీసం. ఇంటి కొలతలదీ అదే నడక: నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక. బడిలో నోటికొచ్చిన వరస ఇంట్లో బియ్యం కొలిచేచోట కంటికి కనబడి ఉండాలి. తరగతి గదిలో దశాంశాలతో తంటాలుపడే నేటి పిల్లలకు ఆ ఆసరా లేదు.

పిల్లల్ని రోజూ రెండుసార్లు వరసల్లో నిలబెట్టి ఎక్కాలు, కొలతలు అప్పజెప్పించడం వల్లెవేత కాదా అని అడగొచ్చు. వల్లెవేతే. అయితే క్యాంబెల్ ముఖ్యంగా తప్పుపట్టింది పిల్లలకు అంతుపట్టని పద్యభాషను, లెక్కలను కాదు. బడికి ఎవరు ముందు వచ్చారన్న క్రమం కూడా అంకెల పాఠమే: మొదటివాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన ఒక్కొక్కటి ఎక్కువ. ఆలస్యానికి పసివాణ్ణి కొట్టడాన్ని ఏ పాఠమూ సమర్థించదు. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే.